ఇంటి తోట పెంపకాన్ని వీధి తరగతిలో నేర్చుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి కోసం

ఇంటి తోట గురించి రాసిన ప్రతిసారీ నెల్లూరు, కావలి, ఒంగోలు, పొదిలి ప్రాంతాల పాఠకులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఒకరోజు శిక్షణకు వెళ్ళి వచ్చామని, చెప్పినట్టే కుండీలు నింపి విత్తనాలు వేశామని, నెల తిరిగేసరికి ఆకుల కొనలు మాడి మొక్కలు చచ్చిపోయాయని, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పమని అడుగుతున్నారు. ఒక్కరోజులో విన్న పాఠాన్ని మీ బోరు నీళ్ళతో, మీ మిద్దె మీది ఎండతో సరిచూసుకునే వీలు ఉండదు కాబట్టి ఇలా జరుగుతుంది. అందుకే పదిమంది కలిసి వారానికి ఒకసారి కూర్చునే చిన్న తరగతిని మీ వీధిలోనో, అపార్ట్‌మెంటులోనో ఏర్పాటు చేసుకుని, ప్రతి పాఠాన్నీ ఇంట్లో చేసి చూసి, ఫలితాన్ని మరుసటి తరగతికి చేతిలో పట్టుకుని రావడం ఎలాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మన జిల్లాలకు ముఖ్యమైన వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తుంది. తరగతిని సెప్టెంబరు మొదటి వారంలో మొదలుపెట్టి 12 ఆదివారాలు నడిపితే వానలకు ముందే మట్టి సిద్ధమవుతుంది, నారు వానల్లో అందుతుంది, సంక్రాంతి నాటికి వంకాయలు, టమాటాలు కోతకు వస్తాయి. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన తరగతులు సగంలోనే ఆగిపోతుంటాయి. ఆ ఎండలో కొత్తవారి మొక్కలు నిలవవు, మొక్క నిలవనప్పుడు మనిషికి ఉత్సాహమూ నిలవదు.

కావలసినవి

ఒక్కో ఇంటికి: 12 అంగుళాల కుండీలు లేదా గ్రో బ్యాగులు నాలుగు, ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి తొట్టి ఒకటి, నీళ్ళు జల్లులా పడే మూత ఉన్న నీళ్ళ డబ్బా లేదా మూతకు చిన్న రంధ్రాలు చేసిన సీసా, చిన్న తాపీ, ఒక నోటు పుస్తకం.

తరగతి మొత్తానికి కలిపి: ఒక పార, మట్టి జల్లించే జల్లెడ, మాగిన పశువుల ఎరువు, ఎర్రమట్టి, కొబ్బరి పీచు పొట్టు, వేపపిండి, వేపనూనె, 20 లీటర్ల కంటే ఎక్కువ పట్టే మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము, 50 శాతం నీడనిచ్చే వల. ఇవన్నీ ఒక్కరే కొంటే ఖర్చు ఎక్కువ, పదిళ్ళు పంచుకుంటే భారం అనిపించదు. కొత్త కుండీలు కొనడం ఇష్టం లేనివారు రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, సిమెంటు బస్తాలు వాడుకోవచ్చు. రంగు డబ్బాలైతే లోపల అంటుకున్న రంగును పూర్తిగా గీకి తీసివేయాలి. పురుగుమందు డబ్బాలను మాత్రం ఎంత కడిగినా వాడకూడదు.

1. బృందాన్ని, నేర్పేవారిని సమకూర్చుకోండి

పది నుంచి పదిహేను ఇళ్ళు చాలు. అంతకు మించితే తరగతి ఉపన్యాసంగా మారిపోయి, చేతికి మట్టి అంటించుకునే వంతు అందరికీ రాదు. గుడి ఆవరణ, కల్యాణ మండపం, బడి పెరడు, ఎవరిదైనా మిద్దె, ఏదైనా సరిపోతుంది. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు పెట్టుకుంటే ఎండ ముదరకముందే పని ముగుస్తుంది.

నేర్పేవారి కోసం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలలో ముందుగా అడగండి. పల్లెల్లో ఉన్నవారు రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను, గ్రామ సమాఖ్య ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలను సంప్రదించవచ్చు. వారిని 12 వారాలూ రమ్మనకుండా మట్టి, పురుగుల పాఠాలకు మాత్రం పిలిచి, మిగిలిన వారాలను మీరే నడుపుకోవడం మంచిది. మీ వీధిలో ఏళ్ళ తరబడి పందిరి మీద బీర, సొర కాయించే పెద్దావిడ ఉంటే ఆమెను తప్పకుండా కూర్చోబెట్టండి. ఆమెకు తెలిసినంతగా మీ వీధి నేల ఏ నిపుణుడికీ తెలియదు.

పక్కపక్కన కూర్చుని నేర్చుకోవడం మన ప్రాంతానికి కొత్తది కాదు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్న మహిళల మధ్య పుట్టిన చర్చే 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీసింది. తోట తరగతికి అంత పెద్ద లక్ష్యం అక్కరలేదు గానీ, ఒకరి కుండీని మరొకరు చూసి నిర్మొహమాటంగా మాట్లాడుకునే అలవాటు మొదటి రోజే పడాలి.

2. మట్టి కంటే ముందు నీళ్ళను పరీక్షించండి

ఈ మెట్టును ఎవరూ దాటవేయవద్దు. ఒంగోలు, కొత్తపట్నం, సింగరాయకొండ, నెల్లూరు తీర మండలాలలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మొక్కలు చనిపోయాయని రాసే పాఠకులలో ఎక్కువమంది ఎరువును, విత్తనాన్ని అనుమానిస్తారు, నీళ్ళను అనుమానించేవారు అరుదు.

మొదటి తరగతిలో ప్రతి ఇంటివారూ తమ బోరు నీళ్ళు ఒక సీసాలో తీసుకురావాలి. మంచినీళ్ళ క్యాన్లు అమ్మే ప్లాంట్లలో నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటుంది, దాన్ని ఒక గంట అడిగి తెచ్చుకుంటే అందరి నీళ్ళూ ఒకే పూట కొలవవచ్చు. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ కూరగాయకైనా నిశ్చింతగా వాడవచ్చు. 450 నుంచి 2000 మధ్య ఉంటే జాగ్రత్తతో వాడాలి. 2000 దాటితే ఆ నీళ్ళను కుండీలకు పోయకూడదు.

మీటరు దొరకకపోతే, లేదా దొరికినా సరే, ఈ చిన్న పరీక్ష చేయండి. రెండు గ్లాసులలో ఒకే మట్టి నింపి, ఒక్కోదానిలో పది పెసలు వేయండి. ఒకదానికి బోరు నీళ్ళు, రెండోదానికి వాన నీళ్ళు లేదా మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు పదిరోజులపాటు ఒకే కొలతలో పోయండి. మొలకెత్తిన గింజల సంఖ్యను, మొలకల ఎత్తును రాసుకుని, రెండు గ్లాసులనూ మూడో తరగతికి తీసుకురండి. బోరు నీళ్ళ గ్లాసులో మొలకలు పొట్టిగా ఉండి, తొలి ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తే మీ సమస్యకు జవాబు అక్కడే దొరికినట్టు. పదిళ్ళ గ్లాసులను బల్ల మీద వరుసగా పెట్టి చూసినప్పుడు, ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళ బోర్ల మధ్య కూడా ఎంత తేడా ఉందో అందరికీ అర్థమవుతుంది. ఏ వీడియో చూసినా ఈ సంగతి తెలియదు.

నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తేలితే ఏం చేయాలి? ఒంగోలులో వచ్చే సాగర్ కాలువ నీళ్ళలో ఇంటి వాడకానికి పోగా మిగిలినవి, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు విడిగా పట్టుకుని కుండీలకు వాడండి. వానాకాలంలో మిద్దె నీళ్ళు డ్రమ్ములోకి మళ్ళించుకోండి. బోరు నీళ్ళు తప్పనిసరైతే మూడు, నాలుగు వారాలకు ఒకసారి, కుండీ ఎంత పడుతుందో అన్ని మంచి నీళ్ళను రెండు విడతలుగా నిదానంగా పోసి, అడుగు నుంచి బయటికి పోనివ్వండి. పేరుకున్న ఉప్పు వాటితో కొట్టుకుపోతుంది. పాలకూర, బీట్‌రూట్ కొంత ఉప్పును తట్టుకుంటాయి. బీన్స్, క్యారెట్, ఉల్లి ఏమాత్రం తట్టుకోవు, వాటి జోలికి పోవద్దు.

ఒక హెచ్చరిక. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం వదిలేసే వృథా నీళ్ళను మొక్కలకు పోయమని చాలామంది సలహా ఇస్తుంటారు. తాగే నీటి నుంచి వేరుచేసిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే చేరతాయి. అసలే ఉప్పు నీళ్ళున్న ఊళ్ళో వాటిని కుండీకి పోయడమంటే మొక్కను చేతులారా చంపుకోవడమే. ఆ నీళ్ళను ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్లకు వాడుకోండి.

3. చోటును, బరువును చూసుకోండి

కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, ఆకుకూరలకు నాలుగు గంటలు చాలు. ఒక ఘనపుటడుగు తడి మట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అందువల్ల మిద్దె మీద కుండీలను గోడలు, దూలాలు ఉన్న అంచుల వెంబడి పేర్చాలి గానీ శ్లాబు నడుమ కుప్పగా పెట్టకూడదు. పాత ఇళ్ళవారు ముందుగా ఇంజనీరుకు చూపించుకోవడం క్షేమం. కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టి నీళ్ళు పోయే దారి వదలండి. పళ్ళేలు పెట్టేవారు వాటిలో నిలిచిన నీళ్ళను వారానికి ఒకసారైనా ఒంపేయకపోతే దోమలు పెరుగుతాయి.

4. మట్టిని కలపండి

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పీచు పొట్టు సమభాగాలుగా కలిపి, ఒక్కో కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చండి. పీచు పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు, మూడుసార్లు మంచి నీళ్ళలో నానబెట్టి పిండిన తర్వాతే వాడాలి. ప్రకాశం జిల్లాలో నల్లరేగడి ఉన్నవారు ఆ మట్టినే వాడదలిస్తే దాన్ని నాలుగో వంతుకు తగ్గించి, ఇసుకను కలపండి. తీరప్రాంతపు ఇసుక నేలల వారు ఎరువును సగం దాకా పెంచుకోవాలి.

మిశ్రమం కుదిరిందో లేదో చూడటానికి, తడిపి గుప్పెట బిగించి వదలండి. ముద్దగా నిలిచి, వేలితో తాకగానే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. తాకినా విడిపోకపోతే ఇసుకో, పీచో కలపాలి. అసలు ముద్దే కట్టకపోతే ఎరువు చాలలేదు. తర్వాత నింపిన కుండీలో ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు పైనే చాలాసేపు నిలిచి ఉంటే రంధ్రాలైనా మూసుకుపోయాయి, మట్టినైనా అదిమి నింపారు.

పచ్చి పేడను, సగం మాగిన ఎరువును వాడటం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. ఆ వేడికి వేర్లు మాడిపోతాయి, వేరుపురుగులూ వస్తాయి. ఎరువు మాగిందని చెప్పాలంటే అది నల్లగా, పొడిపొడిగా ఉండాలి, వాన పడిన నేల వాసన రావాలి, లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు. అనుమానం ఉంటే తడిపి కవరులో కట్టి మూడు రోజుల తర్వాత విప్పండి, కుళ్ళు వాసన కొడితే మరికొన్నాళ్ళు ఆగాలి.

5. వంటింటి వ్యర్థాలతో కంపోస్టు మొదలుపెట్టండి

పక్కలకు రంధ్రాలు చేసిన డబ్బాలో ఒక వంతు కూరగాయల తొక్కులకు రెండు, మూడు వంతుల ఎండు పదార్థం చొప్పున పొరలుగా వేయండి. ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, వరిగడ్డి, తీరప్రాంతంలో తేలికగా దొరికే సరుగుడు ఆకు, అన్నీ పనికివస్తాయి. వారానికి ఒకసారి తిరగేస్తే రెండు, మూడు నెలలలో ఎరువు తయారవుతుంది. వాసన వస్తోందంటే తడి ఎక్కువైనట్టు, ఎండు పదార్థం కలపండి. చేపల వ్యర్థాలు, మాంసం, నూనె పదార్థాలు ఈ డబ్బాలో వేయవద్దు, పిల్లులూ ఎలుకలూ చేరతాయి.

6. విత్తనాలు వేయండి

విత్తే ముందు పది గింజలను తడి గుడ్డలో చుట్టి ఉంచండి. ఏడు, ఎనిమిది మొలిస్తే మంచి విత్తనం, అయిదు కూడా మొలవకపోతే ఆ ప్యాకెట్టును పక్కన పెట్టండి. గింజను దాని మందానికి రెండింతల లోతులో వేయాలి. తోటకూర గింజలను పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లితే చాలు, లోతుగా పూడిస్తే మొలవవు. ధనియాలను బద్దలుగా చేసి, కాకర గింజలను రాత్రంతా నానబెట్టి వేసుకోవాలి. దొండకు గింజ అక్కరలేదు, తీగ ముక్క నాటితే వస్తుంది.

మొదటి ఏడాది తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు, వంగ, ఈ అయిదింటితో సరిపెట్టుకోమని నా గట్టి సలహా. క్యాబేజీ, క్యాప్సికమ్ వచ్చే ఏటికి ఉంచండి. వంగ, టమాటా నారును అక్టోబరు మొదట్లో నీడలో పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక సాయంత్రం పూట నాటాలి. సొర, బీర వేసేవారు 40 లీటర్లకు తగ్గని తొట్టిని ఎంచుకోవాలి. చిన్న కుండీలో తీగ పాకుతుంది గానీ కాయ నిలవదు.

7. నీళ్ళు, ఎండ, తుఫాను

చూపుడువేలును రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూడండి. లోపల తడి తగిలితే ఆ పూట నీళ్ళు పోయవద్దు. పైమట్టి ఆరిందని రోజూ రెండు పూటలా పోసేవారి కుండీల్లో వేర్లు కుళ్ళుతాయి. ఆకులు వాడినప్పుడు మట్టి ఆరిపోయి ఉంటే దాహం అని, తడిగా ఉంటే వేరుకుళ్ళు అని గుర్తుపట్టాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

మట్టి పైన రెండంగుళాల మందాన గడ్డినో, వేరుశనగ పొట్టునో పరిస్తే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. కాండానికి తగలకుండా కాస్త ఎడం ఉంచండి. మార్చి సగం నుంచి నీడ వల కట్టండి. జూన్ దాకా వీచే పడమటి వడగాలి ఎండ కంటే ఎక్కువగా ఆకులను ఆరబెడుతుంది కాబట్టి పడమటి వైపు కూడా వలను కిందికి దించాలి. నవంబరులో తుఫాను హెచ్చరిక వస్తే కుండీలను గోడవారకు చేర్చి, పందిళ్ళను తాళ్ళతో బిగించి, వలను ముందే విప్పేయండి. గాలికి తెరచాపలా ఉబ్బిన వల పందిరినంతా పెకలించుకుపోతుంది.

8. ద్రవ జీవామృతాన్ని కలిసి తయారుచేయండి

20 లీటర్ల నీళ్ళలో కిలో ఆవు పేడ, ఒక లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, రసాయనాలు తగలని గట్టు మట్టి గుప్పెడు కలిపి, గోనెసంచి కప్పి నీడలో ఉంచండి. రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి. 48 గంటల తర్వాత ఒక వంతుకు పది వంతుల నీళ్ళు కలిపి, పదిహేను రోజులకు ఒకసారి మొక్కల మొదళ్ళలో పోయండి. వారం దాటితే వాడవద్దు. ఒక్క ఇంటికి ఇది చాలా ఎక్కువ అవుతుంది కాబట్టి తరగతి రోజున కలిపి పంచుకోవడమే తగిన పద్ధతి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకుల మీద దీన్ని చల్లకండి, కోసిన ఆకుకూరలను బాగా కడగండి.

9. పురుగులను, తెగుళ్ళను గుర్తించండి

ప్రతి తరగతికీ ఒక చెడిపోయిన ఆకును కవరులో పెట్టి తీసుకురావాలని నియమం పెట్టుకోండి. ఆకు వెనుక వైపు చూడటం అలవాటైతే సగం సమస్య ముందే దొరుకుతుంది. పేనుబంకను, పిండినల్లిని మొదట గట్టి నీటిధారతో కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకులు మాడతాయి. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసే పల్లాకు తెగులు, దానికి మందు లేదు. ఆ మొక్కను పీకేసి, మిగిలిన వాటి దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టండి.

ప్రకాశం జిల్లావారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం పొగాకు. పొగాకును సోకే మొజాయిక్ వైరస్ టమాటాకు, మిరపకు కూడా సోకుతుంది, చేతుల ద్వారానే ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్తుంది. బ్యారన్లలో, గ్రేడింగులో పనిచేసేవారు, చుట్ట, బీడీ, ఖైనీ వాడేవారు సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాతే నారును ముట్టుకోవాలి. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, ఆకు ముడతపడితే దీన్ని అనుమానించండి. పొగాకు కషాయం చల్లమని పెద్దలు చెప్పవచ్చు గానీ, నికోటిన్ మనిషికి కూడా విషమే, కూరగాయల మీద దాన్ని వాడవద్దు.

10. పూలు రాలిపోతుంటే చేత్తో పరాగం అద్దండి

మిద్దె మీద బీర, సొర పూస్తున్నాయి గానీ పిందె పసుపు పచ్చగా మారి రాలిపోతోందని తరచుగా రాస్తుంటారు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. అంత ఎత్తుకు తేనెటీగలు సరిగా రాకపోతే, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మృదువుగా అద్దండి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, దోస, కాకర పూలు ఉదయం. ఈ వేళల తేడా తెలియక ఉదయమే వెళ్ళి ముడుచుకున్న బీర పువ్వుకు అద్దేవారు చాలామంది. అద్దిన పువ్వు కాడకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నాలుగైదు రోజులలో పిందె లావెక్కితే పరాగం అందినట్టే. ఈ ఒక్క పాఠం కోసం తరగతిని సాయంత్రానికి మార్చుకోవాలి.

టమాటా పూలు ఏప్రిల్, మే నెలల్లో రాలడానికి మాత్రం వేడి కారణం, దానికి ఈ పద్ధతి పనిచేయదు.

11. విత్తనాలు దాచండి

ఆరోగ్యంగా ఉన్న మొక్కను మొదట్లోనే ఎంచుకుని, దానికి రంగు గుడ్డ కట్టి, ఆ కాయలను కూరకు కోయకుండా వదిలేయండి. బెండకాయ మొక్క మీదే ఎండి గలగలలాడాలి. వంకాయ పసుపు రంగుకు పండాలి. గింజలను నీడలో ఆరబెట్టి, బూడిద లేదా ఎండు వేపాకు కలిపి గాజు సీసాలో ఉంచండి. సంకర (హైబ్రిడ్) రకాల గింజలను దాచవద్దు, మరుసటి పంట తల్లిలా ఉండదు. ఒకేచోట రెండు రకాల సొర ఉంటే వాటి విత్తనమూ కలగాపులగమవుతుంది.

12వ ఆదివారానికి బెండ, వంగ విత్తనం చాలామంది ఇళ్ళలో ఇంకా చేతికి రాదు. అందుకని ఆ రోజు గుర్తు కట్టిన మొక్కలను ఒక్కో ఇంటికీ వెళ్ళి చూసి, ఏ ఇంటి నుంచి ఏ విత్తనం ఎవరికి చేరాలో రాసుకోండి. సీసాలను మార్చుకోవడానికి ఫిబ్రవరి చివర ఒక ఆదివారాన్ని ఇప్పుడే నిర్ణయించుకోండి. ప్రతి సీసా మీదా మొక్క పేరు, కోసిన నెల, ఏ నీళ్ళతో పెరిగిందో రాసి అతికించండి. ఉప్పు నీళ్ళకు నిలిచి కాసిన మొక్క విత్తనం మీ వీధిలో మరొకరికి కూడా అవసరమవుతుంది.